మూపురం ఉన్న బొమ్మ

పడవ దిగి గట్టెక్కేసరికి వీరాస్వామి గడియారంలో తొమ్మిదీ ఐదయింది. పన్నెండింటికి ఇదే రేవు నుంచి పోతురాజును సంకెళ్ళతో రాజమండ్రి తీసుకుపోతారు. యజమాని మీదికి గిత్తను వదిలి చంపించింది తనేనని ఒప్పేసుకున్న పశువులకాపరి అతను. ఒకసారి కోర్టు గడప తొక్కాడంటే ఆ మెడకు ఉరితాడు తప్పించడం ఎవరి తరమూ కాదు. వీరాస్వామికి ఉన్న వ్యవధి మూడు గంటలు, అదీ నిండుగా లేదు.

ఆయన జిల్లా పోలీసులో డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు. యాభై దాటిన మనిషి. నోటి దురుసుకి పేరు పడ్డవాడు కాబట్టి రావలసిన ప్రమోషన్లు రెండుసార్లు ఆయన్ని తప్పుకుని పక్కవాళ్ళకి పోయాయి. దారి పొడుగునా గూడుపడవలో కూర్చుని ఆయన చదివింది ఒకటే కాగితం. ఈ తాలూకా ఇన్‌స్పెక్టరు అప్పాజీ రాసిన పంచనామా. చదివినకొద్దీ ఒళ్ళు మండిపోయింది.

పంచనామా ప్రకారం జరిగింది ఇది. చిన్న జమీందారు సత్తిరాజు గారు మొన్న, అంటే 1893 మార్చి పద్నాలుగు మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు, తన దివాణం వెనక దడి కట్టించిన కళ్ళంలో గిత్త కుమ్మి చనిపోయారు. గాయం ఒక్కటే, కుడి తొడ లోపలి వైపు. వెడల్పు బొటనవేలంత, లోతు ఎనిమిది అంగుళాలు. ఒంటి మీద ఇంకెక్కడా కమిలిన గుర్తు లేదు. నిన్న పొద్దున్నే దహనం కూడా అయిపోయింది. కింద అప్పాజీ సొంత దస్తూరీతో ఒక వాక్యం రాశాడు: ‘ఇట్టి గాయము హాలులోని నాలుగవ పటమున చూపిన రీతినే యున్నది.’

హత్య కేసులో గోడమీది పటాన్ని సాక్షిగా చేర్చిన పోలీసును వీరాస్వామి ఇంతవరకూ చూడలేదు.

అప్పాజీ దివాణం అరుగుమీద వాలుకుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ముప్పై అయిదేళ్ళవాడు, చెవుల కిందిదాకా దట్టంగా దించిన జులపాలు, నలగని దుస్తులు. కచేరీ గుమాస్తా కొడుకు, బందరు వీధుల్లో పెరిగాడు. పక్కన దొరబాబు నిలబడి ఉన్నాడు. చచ్చిపోయిన పెద్దమనిషికి తమ్ముడి కొడుకు, మద్రాసులో చదువుకుని నిరుడు తిరిగొచ్చాడు. సత్తిరాజు గారికి పిల్లల్లేరు. వచ్చే నెల బామ్మర్ది కొడుకుని దత్తత తీసుకోవడానికి ముహూర్తం పెట్టించారు. ఇప్పుడిక ఆ దత్తత లేదు, ఉన్నదంతా దొరబాబుదే.

కుశలప్రశ్నలు అయ్యాక దొరబాబు ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు. అప్పాజీ గ్లాసు కిందపెట్టాడు.

“సూపరింటెండెంటు దొరగారికి నా రిపోర్టు మీద అనుమానమా అండి, లేకపోతే మీకా?”

“నాకేనండి. దొరగారికి అనుమానపడే తీరికెక్కడిది?”

“హాల్లోకి వెళ్ళి ఆ పటాలు చూడండి. స్పెయిన్ దేశపు ఎద్దులాటలు. ఆరేళ్ళ కిందట యానాంలో ఫ్రెంచి వర్తకుడు ఇల్లు ఎత్తేస్తుంటే సత్తిరాజు గారు వేలంలో పాడుకొచ్చారు. వాటిని చూసి చూసి ఆయనకి పిచ్చెక్కింది. ఎర్రగుడ్డ పట్టుకుని కళ్ళంలోకి దిగారు. దెబ్బలు తిన్న కసితో పోతురాజు గిత్త పలుపు విప్పేశాడు. వాడే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలండి?”

“టైములు కావాలి. మీరు వచ్చిందెప్పుడు?”

“నాలుగింటికి. ఒంటిగంట నించీ దొరబాబూ నేనూ ఐదు మైళ్ళవతల ట్రావెలర్సు బంగళాలో చీట్లాడుతున్నాం. కబురు మూడున్నరకి అందింది.”

“తెచ్చిందెవరు?”

“ఎవడో పాలేరు. పరిగెత్తుకొచ్చాడు. పేరు రాసుకోలేదు.”

వీరాస్వామి తాపీగా పుస్తకంలో రాసుకున్నాడు. “మూడింటికి చావు, మూడున్నరకి కబురు. అరగంటలో ఐదు మైళ్ళు పరిగెత్తే పాలేరుని పేరడక్కుండా పంపేశారేంటండి? మన టపా పనికి పెట్టుకునేవాళ్ళం కదా.”

అప్పాజీ నవ్వలేదు. పడవ పన్నెండుకని మరోసారి గుర్తుచేసి, లేచి వెళ్ళి ఇద్దరు కానిస్టేబుళ్ళతో ఏదో గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ ఇద్దరూ అతని మనుషులే. వీరాస్వామి వెంట రాజమండ్రి నించి ఒక్క జవానూ రాలేదు. ఆ సంగతి ఆయన అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు, తరవాత తిట్టుకున్నాడు.

ముందు కళ్ళం చూశాడు. నాలుగు పక్కలా వెదురు దడి. ఉత్తరం వైపు నేలలో నాలుగేసి గుంటలు రెండు చోట్ల, కుర్చీ కాళ్ళు దిగబడినట్టు. మధ్యలో రక్తం ఇంకిన మట్టి, దాని మీద ఎవరో హడావిడిగా చల్లిన ఊక. గిత్త డెక్కల గుర్తులు ఆ మరకకి ఆరు బారల దూరంలోనే ఆగిపోయాయి.

గిత్తను పశువులపాకలో కట్టేశారు. మంచి పనివాటం గిత్త, ఎత్తైన మూపురం. వీరాస్వామి వ్యవసాయదారుడి ఇంట్లో పుట్టినవాడు, దాన్ని గంగడోలు నిమిరి మచ్చిక చేసుకోవడానికి ఆయనకి రెండు నిమిషాలు చాలు. కొమ్ములు కొలిచాడు. పొడుగు నాలుగంగుళాలు, పక్కలకి తిరిగిన పొట్టి కొమ్ములు, మొదట్లో మణికట్టంత లావు. ఎడమ కొమ్ముకి రక్తం పూసి ఉంది, గోడకి సున్నం వేసినట్టు మొదటి నించి చివరిదాకా ఒకే తీరుగా. నుదుటి మీద చుక్క లేదు, మూతి మీద లేదు. తొడ రక్తనాళం తెగితే గిత్త తలంతా తడిసిపోవాలి.

మరి మూపురం మీదున్న గాయాలేమిటి? సన్నగా, లోతుగా, మూడు పోట్లు. ఈగలు ముసురుతున్నాయి. ఆ గాయాల సంగతి పంచనామాలో లేదు. నాలుగంగుళాల కొమ్ము ఎనిమిదంగుళాల గాయం చేసిందంటే అయిదుగురు పెద్దమనుషులు కింద చేవ్రాలు పెట్టారు. ఆ అయిదుగురూ పుట్టిన్నాటి నించీ పశువుల మధ్య బతికినవాళ్ళే. పోలీసు బెల్టు ఎదురుగా ఉంటే జనానికి తెలిసింది కూడా తెలియకుండా పోతుందని వీరాస్వామికి తెలియనిది కాదు, అయినా ప్రతిసారీ కొత్తగానే కోపం వస్తుంది.

పాక చివర గాదె పక్కన పోతురాజు గొంతుక్కూచుని ఉన్నాడు, చేతులకి సంకెళ్ళు. ఏం జరిగిందంటే బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. దెబ్బలు కొట్టారు, కసి పట్టింది, పలుపు విప్పాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అవే మాటలు, అదే వరస.

“సరే, నువ్వే విప్పావనుకుందాం,” అన్నాడు వీరాస్వామి. “మీ గిత్త ముందు కొమ్ముతో పొడిచిందా, తొక్కి పొడిచిందా?”

పోతురాజు తలెత్తాడు. మొహంలో మొదటిసారి ప్రాణం కనిపించింది. “మా గిత్త కొమ్మాడించదండి. కోపమొత్తే నుదురెట్టి తోత్తదండి, అంతే. దూడప్పుడు నించీ నాకు తెల్సు.”

అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆ తరవాత తన పెళ్ళాం లోవలక్ష్మి జోలికి పోకుండా చూడమని మాత్రం అడిగాడు. ఎవరు పోతారని వీరాస్వామి రెట్టించాడు. పోతురాజు గుమ్మం వైపు, అక్కడ నిలబడ్డ కానిస్టేబులు వైపు చూసి తల దించేసుకున్నాడు. తన మెడకి ఉరి ఒప్పుకున్నవాడు గిత్త మీద అబద్ధం మాత్రం ఆడలేకపోయాడు.

హాల్లో అడుగుపెట్టేసరికి పదింబావు. నాలుగు పటాలూ ఒకే గోడకి, ఒక్కొక్కటి తలుపంత ఉన్నాయి. మొదటిదాంట్లో కళ్ళకి గంతలు కట్టిన ముసలి గుర్రం. ఎద్దు దాని పొట్ట చీల్చేసింది, పేగులు కాళ్ళకి చుట్టుకుంటున్నా రౌతు దాన్ని ముందుకే అదిలిస్తున్నాడు. రెండోదాంట్లో ఎద్దు మెడనిండా రంగుకాగితాలు చుట్టిన బల్లేలు. మూడోదాంట్లో జరీ చొక్కా తొడుక్కున్న కుర్రవాడు కత్తి ఎత్తి నిలబడ్డాడు, ఎద్దు నాలిక వేలాడేసి అతన్ని చూస్తోంది. నాలుగోదాంట్లో అలాంటి కుర్రవాడే పొడుగాటి కొమ్ముకి తొడ గుచ్చుకుని గాల్లో వేలాడుతున్నాడు. ఆ కొమ్ము బల్లెంలా మూరెడు పొడుగుంది. వీరాస్వామి చూపు మరల్చుకోలేకపోయాడు, గీసినవాడి చెయ్యి అంత గట్టిది.

కిటికీ పక్కన చాపమీద ఒక బక్కపల్చటి మనిషి రంగుపిడతలు సర్దుకుంటున్నాడు. పేరు చిట్టియ్య. గుడి రథాలకీ పెళ్ళి పీటలకీ రంగులు వేసే కులవృత్తి. ఈ పటాలకి నకళ్ళు తియ్యమని సత్తిరాజు గారు మూణ్ణెల్ల కిందట పిలిపించారు. మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నావంటే ఇక్కడే పడుకుని నిద్రపోయానన్నాడు. చెబుతున్నంతసేపూ తుడిచిన పిడతనే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు.

వీరాస్వామి దాని మీద పట్టుబట్టకుండా పని గురించి అడిగాడు. గోడకి ఆనించిన మొదటి నకలు తిప్పి చూస్తే అంత గంభీరమైన ఘట్టంలోనూ ఆయనకి నవ్వొచ్చింది. జరీ చొక్కా, కత్తి, జనం అన్నీ ఉన్నాయి. ఎద్దుకి మాత్రం నిండుగా మూపురం ఉంది. అసలు పటంలో మెడ నించి తోకదాకా చదునైన వీపు.

“మూపురం లేకుండా ఎద్దేంటని చెయ్యి దానంతటదే పెట్టేసిందండి,” అన్నాడు చిట్టియ్య. “బెత్తంతో వేళ్ళమీద కొట్టారు. తరవాతెప్పుడూ పెట్టలేదండి. పెద్దయ్యగారికి అదీ చాల్లేదు. నీ బొమ్మల్లో రక్తం ఉంది గానీ భయం లేదురా అనేవారు.”

చాప పక్కనే కాగితాల కట్ట ఉంది. నకలు తియ్యడానికి ముందు బొగ్గుతో గీసుకున్నవి, నలభై పైనే. వీటిని ఇన్‌స్పెక్టరు గారు చూశారా అంటే చూశారన్నాడు. స్పెయిన్ బొమ్మల చిత్తుప్రతులే కదా అని పక్కన పడేశారట. వీరాస్వామి చాపమీద చతికిలబడి ఒక్కొక్క కాగితమే తీశాడు. ఎద్దు, గుర్రం, బల్లెం. ఎద్దు, మనిషి, జనం. అన్ని ఎద్దులకీ చదును వీపు, పొడుగు కొమ్ములు. ముప్పై ఒకటో కాగితం దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

ఈ ఎద్దుకి మూపురం ఉంది. కొమ్ములు పొట్టివి. దడి వెదురుది.

“ఇది పటం చూసి గీసింది కాదు చిట్టియ్యా. కళ్ళంలో కూర్చుని, ఎదురుగా చూసి గీశావు.”

చిట్టియ్య చేతిలో పిడత జారి చాపంతా ఎరుపయింది. వీరాస్వామి కాగితాన్ని వెలుతురులోకి పట్టుకున్నాడు. గిత్త దూరంగా దడి వారన ఉంది. పోతురాజును నడుముకి తాడు కట్టి గుంజకి బిగించారు. సత్తిరాజు గారు నేలమీద వెల్లకిలా పడి ఉన్నారు. ఆయన మీదికి వంగి, కొబ్బరికాయలు ఒలిచే గునపం రెండు చేతులతో పట్టుకున్నది దొరబాబు. వెనక రెండు కుర్చీలు. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో బెల్టు పెట్టుకున్న మనిషి కాలుమీద కాలేసుకుని చూస్తున్నాడు. చెవుల కిందిదాకా దట్టమైన జులపాలు.

ఇక చిట్టియ్య దాచలేదు. గడగడా చెప్పేశాడు. భయం ఎలా ఉంటుందో కళ్ళారా చూసి గియ్యమని పెద్దయ్యగారు పోతురాజును కట్టి నిలబెట్టారు. దొరబాబునీ ఇన్‌స్పెక్టరునీ వినోదం చూడమని పిలిచారు. గిత్త పోతురాజును కుమ్మలేదు, దగ్గరికొచ్చి చెయ్యి నాకింది. పెద్దయ్యగారికి పిచ్చికోపం వచ్చి గునపంతో మూపురం మీద మూడు పోట్లు పొడిచారు. అప్పటికీ గిత్త బెదిరి దడి పక్కకి పోయిందే గానీ మనిషి జోలికి రాలేదు. నువ్వు పొడువురా అని గునపం దొరబాబు చేతికిచ్చారు. దొరబాబు ఒకసారి గోడమీది పటం గుర్తు తెచ్చుకున్నట్టు ఆగి, ఆ గునపం సరిగ్గా అక్కడే, పెద్దయ్యగారి తొడలో దించాడు.

“ఇన్‌స్పెక్టరు గారు లేవలేదండి. అంతా అయ్యాక, గిత్త కుమ్మింది, అందరూ విన్నారా అన్నారు. బొమ్మ చింపెయ్యమన్నారు. నేను వేరే బొమ్మ చింపానండి. ఆయనకి తేడా తెలీలేదు.” చిట్టియ్య మొహం తుడుచుకున్నాడు. “ఆ పటాల్లో వెనకాల కూచున్న జనాన్ని ఆ స్పెయిన్ ఆయన ఎందుకంత శ్రద్ధగా గీశాడో నాకు మొన్నటిదాకా తెలీలేదండి. విసనకర్రలు ఊపుకుంటా, పళ్ళు తింటా, ఒక్కొక్క మొహమూ వేరేగా. వాళ్ళే నాకు రాత్రింబవళ్ళు కళ్ళముందు ఆడుతున్నారు.”

వీరాస్వామి నాలుగో పటం వైపు మళ్ళీ చూశాడు. కొమ్ముకి వేలాడే కుర్రవాడి వెనక వరసలో ఒక పెద్దమనిషి బాగా కనపడ్డానికి మెడ సాచి కూర్చున్నాడు. ఇందాక ఆ మనిషిని ఆయన గమనించనే లేదు.

కాగితం మడిచి కోటు లోపల పెట్టుకుంటూ పశువులపాకకి పరిగెత్తాడు. గాదె పక్క ఖాళీ. ఒక పాలేరును పిలిచి అడిగితే, పడవ పదిన్నరకే కదిలిందని, దొరబాబు గారు స్వయంగా అందులో వెళ్ళారని, ఇన్‌స్పెక్టరు గారు గట్టు మీద గుర్రంతో సాగారని చెప్పాడు. గడియారం పదీ నలభై ఎనిమిది చూపిస్తోంది. మైలు దూరంలో, తలుపులు మూసి నీళ్ళు నింపి పడవను పై మట్టానికి లేపే లాకు ఉంది, ఏ పడవైనా అక్కడ ఆగి తీరాలి. వీరాస్వామి చిట్టియ్యను దివాణంలో వదల్లేదు. చచ్చిపోయిన మనిషి గుర్రానికే జీను వేయించి, అతన్ని వెనక ఎక్కించుకుని కాలవగట్టు పట్టాడు.

లాకు చేరేసరికి పదకొండుకి నాలుగు నిమిషాలు తక్కువ. పడవ లాకులోపల ఉంది, కింది తలుపులు మూసేశారు, పైతూములోంచి వదిలిన నీళ్ళు పడవను సగం దాకా లేపాయి. అప్పాజీ అవతలి గట్టున కానిస్టేబుళ్ళిద్దరి మధ్య నిలబడ్డాడు. దొరబాబు పడవ అంచున, గోడ పక్కగా ఉన్నాడు. చేతిలో పడవ గడ, చొక్కా చేతులు మోచేతులదాకా తడిసి ఉన్నాయి.

“పోతురాజేడి?” అని అరిచాడు వీరాస్వామి.

“దూకేశాడండి,” అన్నాడు అప్పాజీ, విచారంగా. “చేసిన పాపం ఊరికే పోతుందా.”

తూము చక్రం తిప్పే లాకు నౌకరు, లస్కరు ఆశీర్వాదం, చెయ్యి ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నీళ్ళు కిందికి దింపమని వీరాస్వామి, కానివ్వమని అప్పాజీ ఒక్కసారే అన్నారు.

“మనిషి పడితే నీళ్ళు దింపాలని మా రూలండి,” అన్నాడు ఆశీర్వాదం. “పడ్డాడని ఇంతసేపూ నాకెవరూ చెప్పలేదేంటండి?”

అని చక్రం వెనక్కి తిప్పాడు. పైతూము మూసుకుంది, కిందిది తెరుచుకుంది. పడవ మెల్లిగా దిగుతోంది, దానితోపాటే దొరబాబూ దిగుతున్నాడు. నాచు పట్టిన రాతి వరసలు ఒకటొకటే బయటపడ్డాయి. మూడో వరస దగ్గర గోడకి వేలాడే గొలుసు, గొలుసుకి తగులుకున్న ఒక జత సంకెళ్ళు, ఆ సంకెళ్ళలో రెండు చేతులు. నీళ్ళు ఇంకో అడుగు దిగాయి. పోతురాజు తల వాలిపోయి ఉంది. నుదురు పగిలి రక్తం కారుతోంది. అది గడ దెబ్బ.

ఆశీర్వాదం గోడకున్న మెట్లు పట్టుకుని దిగి, జబ్బల కింద చెయ్యి వేసి పైకి లేపాడు. ఒకసారి కుదిపాడు, రెండోసారి వీపు మీద చరిచాడు. పోతురాజు నోట్లోంచి నీళ్ళు బుడుక్కున వచ్చాయి. దగ్గాడు. వీరాస్వామి గట్టు అంచు మీంచి కిందికి వంగాడు.

“గడెట్టి నొక్కేశారండి బాబు,” అన్నాడు పోతురాజు, ఊపిరి అందీ అందకుండా. “దొరబాబు గారే.”

వీరాస్వామి లెక్క చూసుకున్నాడు. లాకు ఇవతలి గట్టున ఆయనా చిట్టియ్యా, లోపల గోడకి వేలాడుతూ పోతురాజూ లస్కరూ. సాక్షి ఉన్నాడు, బొమ్మ ఉంది, దొరికిన దొంగ కళ్ళెదుటే ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇంత తేటగా తేలిన కేసు ఆయనకి ఇంకోటి లేదు.

“కానిస్టేబుల్స్, దొరబాబును అరెస్టు చెయ్యండి. సత్తిరాజు గారి హత్య, ఈ మనిషి మీద హత్యాప్రయత్నం.”

ఇద్దరు కానిస్టేబుళ్ళూ కదల్లేదు. తుపాకులు భుజాలకి అలాగే ఉన్నాయి. ఇద్దరూ అప్పాజీ వైపు చూశారు.

అప్పాజీ చిట్టియ్యను చూస్తున్నాడు. అక్కడినించి వీరాస్వామి కోటు మీదికి, ఉబ్బెత్తుగా ఉన్న లోపలి జేబు మీదికి అతని చూపు వచ్చింది. మొహంలో కోపం లేదు, గాభరా లేదు. తలపాగా సర్దుకుని, ఎవరికో మర్యాద చేస్తున్నట్టు నెమ్మదిగా చెప్పాడు.

“వీరాస్వామి గారికి ఎండదెబ్బ తగిలినట్టుంది. ఆయన జేబులో ఒక కాగితం ఉంటుంది, పట్రండి. ఆ బొమ్మలవాడిని కూడా.”

కానిస్టేబుళ్ళిద్దరూ తుపాకులు భుజాల మీంచి దించి, లాకు తలుపుల మీదున్న చెక్కవంతెన ఎక్కారు.